డెర్బీ వీధుల్లో ఆటల కొట్లు

ఇంగ్లండులో రాజుల పేర్లు, రాణుల పేర్లు, యుద్ధాలు గెలిచిన సేనానుల పేర్లు పెట్టుకున్న రోడ్లు ఏ ఊరికి వెళ్ళినా కనిపిస్తాయి. మా డెర్బీలో మాత్రం ఒక వీడియో గేమ్ కథానాయిక పేరు మీద రోడ్డు ఉంది. దాని పేరు లారా క్రాఫ్ట్ వే. ఊరి నడిబొడ్డును చుట్టుకుని పోయే ఇన్నర్ రింగ్ రోడ్డులో అదొక ముక్క. 2010లో తెరిచారు. ఏం పేరు పెట్టమంటారని జనాన్ని అడిగితే, ఓటు వేసినవాళ్ళలో 89 శాతం మంది లారా వైపే మొగ్గారు. తీరా వెళితే అక్కడ చూడ్డానికేమీ లేదు. కార్లు, సిగ్నల్ లైట్లు, ఒక పేరు పలక, అంతే. అయినా మా ఇంటికి వచ్చే చుట్టాల పిల్లలు ఆ పలక పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటే గాని అన్నానికి కూర్చోరు.

ఆ పేరు ఎందుకు పెట్టారో పెద్దవాళ్ళ కోసం కాస్త చెప్పాలి. 1996లో 'టూంబ్ రైడర్' అనే ఆట ప్రపంచమంతా ఊపేసింది. పాత సమాధుల్లో, గుహల్లో దూకుతూ గెంతుతూ నిధులు వెతికే అమ్మాయి లారా క్రాఫ్ట్. ఆమెను పుట్టించింది ఏ అమెరికా కంపెనీయో, జపాను కంపెనీయో కాదు, మా డెర్బీలో ఉన్న కోర్ డిజైన్ అనే చిన్న సంస్థ. తరవాత 2003లో వచ్చిన ఒక భాగం బాగా దెబ్బతినడంతో ఆ ఆట అమెరికాలోని వేరే బృందం చేతికి వెళ్ళిపోయింది. 2006లో రెబెలియన్ అనే మరో కంపెనీ కోర్ డిజైన్‌ను తీసుకుంది. ఆ డెర్బీ ఆఫీసు కూడా 2010లో మూతపడింది. అంటే రోడ్డుకు పేరొచ్చిన ఏడాదే ఆ పేరును పుట్టించిన కొలువు ఊళ్ళో లేకుండా పోయిందన్నమాట.

ఈ ఊళ్ళో అది కొత్తేమీ కాదు. లారా క్రాఫ్ట్ వే నుంచి పావుగంట నడిస్తే పాత ఊరు వస్తుంది. అక్కడ శాడ్లర్ గేట్ అనే రాళ్ళు పరిచిన సన్నని వీధి ఉంది. ఎంత వెతికినా గేటు కనబడదు. వెయ్యేళ్ళ కిందట ఇక్కడికొచ్చిన వైకింగుల భాషలో 'గేట్' అంటే వీధి. గుర్రపు జీనులు కుట్టేవాళ్ళ వీధి శాడ్లర్ గేట్, ఇనుప పని చేసేవాళ్ళ వీధి ఐరన్ గేట్. మన ఊళ్ళలో కంసాలి వీధి, కుమ్మరి వీధి లాంటివే. ఇప్పుడక్కడ జీనులూ లేవు, కొలుములూ లేవు. కాఫీ హోటళ్ళు, బట్టల కొట్లు, క్షౌరశాలలు ఉన్నాయి.

నేను ఉద్యోగం మీద కుటుంబంతో డెర్బీకి వచ్చింది 2003లో. విమానాల ఇంజన్ల పని మీద ఈ ఊరికి వచ్చిన మనవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. బళ్ళో పిల్లలంతా ప్లేస్టేషన్ 2 గురించి మాట్లాడుకుంటుంటే వీడు బిక్కమొహం వేసుకుని వచ్చేవాడు. అప్పట్లో కొత్త ఆట ఒక్కొక్కటి నలభై పౌండ్లు. ఇండియా లెక్కలో గుణిస్తే మూడు వేల రూపాయలు. ఆ రోజుల్లో మనమందరం ప్రతి వస్తువునీ డెబ్భయ్యో డెబ్భై అయిదో పెట్టి గుణించకుండా కొన్నామా చెప్పండి!

శాడ్లర్ గేట్ పక్క సందులో ఒక చిన్న ఆటల కొట్టు ఉండేది. రెండు మంచాలు పడితే నిండిపోయేంత చోటు. గోడల నిండా ఖాళీ డబ్బాలు. డిస్కులన్నీ కౌంటర్ వెనక సొరుగుల్లో, కాగితపు కవర్లలో. ఎవరూ జేబులో వేసుకుపోకుండా ఆ ఏర్పాటు. కొట్టు యజమాని యాభై దాటిన మనిషి. లోపలికి అడుగు పెట్టగానే "ఏయ్ అప్, మి డక్" అన్నాడు. నన్ను పట్టుకుని బాతు అంటాడేమిటని మా ఆవిడ వైపు చూశాను. డెర్బీ, నాటింగ్‌హామ్ ప్రాంతాల్లో ఆడా మగా, చిన్నా పెద్దా తేడా లేకుండా ఆప్యాయంగా పిలిచే పిలుపు అదేనని తరవాత తెలిసింది. మన గోదావరి జిల్లాల్లో "ఏవండోయ్" లాంటిదనుకోండి.

ఆ కొట్లో మా వాడు నేర్చుకున్న ఇంగ్లీషు బళ్ళో నేర్చుకున్నదాని కంటే తక్కువేమీ కాదు. శనివారం పొద్దున పది గంటలకు వెళ్ళేవాడు. ఆడేసిన ఆట ఒకటి పట్టుకెళ్ళి కౌంటర్ మీద పెట్టేవాడు. యజమాని దాన్ని వెలుతురుకెత్తి గీతలు చూసి "ఎనిమిది ఇస్తాను" అనేవాడు. వీడు పది అడిగేవాడు. చివరికి తొమ్మిదికి తెగేది. దానికి చేతిలో ఉన్న అయిదు కలిపి ఇంకో పాత ఆట తెచ్చుకునేవాడు. రైతుబజారులో వంకాయల దగ్గర మా అమ్మ చేసే బేరం ఎక్కడో రక్తంలో ఉంది కాబోలు! గీతలు మరీ ఎక్కువైతే డిస్కును నున్నగా చేసే యంత్రం ఒకటి ఉండేది. రెండు పౌండ్లు తీసుకుని సానబట్టి ఇచ్చేవాడు. ఒకసారి నా ముందు నిలబడ్డ ఒక తండ్రి పదేళ్ళ కొడుకు కోసం 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్' అడిగాడు. పద్ధెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే అని డబ్బా మీద ఎర్రటి గుండ్రంలో రాసి ఉంటుంది. "మీకైతే ఇస్తాను, మీవాడికైతే ఇవ్వను" అని నవ్వుతూనే డబ్బాను మళ్ళీ గోడకు పెట్టేశాడు. నలభై పౌండ్ల బేరం వదులుకున్న మనిషిని ఆ రోజు చూశాను.

ప్రతి కొట్టూ ఇలాగే ఉండేదని చెప్పను. పిల్లల్ని చులకనగా చూసి మూడు పౌండ్లకు కొని పద్ధెనిమిదికి అమ్మేవాళ్ళూ ఉండేవారు. ఆ మాట కూడా చెప్పుకోవాలి.

ఈ కొట్లు ఎలా బతికాయో తెలిస్తే ఎందుకు పోయాయో అర్థమవుతుంది. నలభై పౌండ్ల కొత్త ఆటలో అప్పటి 17.5 శాతం వ్యాట్ కిందే దాదాపు ఆరు పౌండ్లు పోయేది. మిగిలినదాంట్లో పెద్ద ముక్క ఆట తయారుచేసిన కంపెనీకి, పంపిణీదారుకి. కొట్టువాడికి మిగిలేది బొటాబొటి. అదే పాత ఆటను పన్నెండుకు కొని ఇరవైకి అమ్మితే ఎనిమిది పౌండ్ల లాభం అతనిదే. పైగా పాత సరుకు మీద వ్యాట్ మొత్తం ధరకు కాదు, ఆ ఎనిమిది పౌండ్ల తేడాకు మాత్రమే కట్టే వెసులుబాటు ఈ దేశపు చట్టంలో ఉంది. లెక్క వేస్తే పౌండు ఇరవై పెన్నీలు. కొత్త ఆట జనాన్ని గుమ్మం ఎక్కించడానికి, పాత ఆట అద్దె కట్టడానికి. ఇదీ కిటుకు.

అందుకే దెబ్బ కూడా రెండు వైపుల నుంచీ పడింది. ముందు కొత్త ఆట వైపు చూద్దాం. పాలు, బ్రెడ్డు అమ్మే సూపర్ మార్కెట్లు కొత్త ఆటల్ని నష్టానికి అమ్మడం మొదలుపెట్టాయి. ఆట కోసం వచ్చినవాడు వారం సరుకులు ఎలాగూ కొంటాడని వాళ్ళ ధీమా. 2009 నవంబరులో 'మోడరన్ వార్‌ఫేర్ 2' వచ్చినప్పుడు దాని మీద వేసిన ధర 54 పౌండ్ల 99 పెన్నీలు. సెయిన్స్‌బరీస్ దాన్ని 26 పౌండ్లకు అమ్మింది. చిన్న కొట్టువాడికి పంపిణీదారు ఇచ్చే టోకు ధర అంతకంటే ఎక్కువ! ఆ వారం కొందరు కొట్టువాళ్ళు తామే సూపర్ మార్కెట్ వరుసలో నిలబడి నాలుగైదు కాపీలు కొని తెచ్చి తమ కొట్లో పెట్టుకున్నారు.

ఇక జెర్సీ సంగతి. ఇంగ్లీషు కాలువలో ఫ్రాన్సు దగ్గర ఉన్న ఆ దీవుల నుంచి పోస్టులో వచ్చే 18 పౌండ్ల లోపు వస్తువుకు వ్యాట్ ఉండేది కాదు. పూల మొక్కలు, వెన్న లాంటి సరుకు కోసం ఎప్పుడో పెట్టిన వెసులుబాటును సీడీలు, డీవీడీలు, ఆటలు అమ్మే కంపెనీలు చక్కగా వాడుకున్నాయి. ప్లే డాట్ కామ్ జెర్సీ నుంచే పెరిగింది. డెర్బీలో అద్దె, మునిసిపాలిటీ రేట్లు, కరెంటు, పూర్తి వ్యాట్ కట్టేవాడు దానితో ఎలా పోటీ పడతాడు? 2012 ఏప్రిల్ 1న ఆ వెసులుబాటు ఎత్తేశారు. అప్పటికే చాలా కొట్ల షట్టర్లు దిగిపోయాయి.

మా ఊళ్ళో దీనికి ఇంకో కారణం తోడైంది. 2007 అక్టోబరులో పాత ఈగిల్ సెంటర్‌ను పెంచి వెస్ట్‌ఫీల్డ్ అనే పెద్ద మాల్ కట్టారు. ఇప్పుడు దాని పేరు డెర్బియన్. సినిమా హాళ్ళు, తిండి, కారు పెట్టుకునే చోటు, అన్నీ ఒకే కప్పు కింద. జనం అటు వెళ్ళిపోయారు. పాత ఊరి వీధులు శనివారం కూడా ఖాళీగా కనిపించడం నేను చూశాను.

రెండో దెబ్బ పాత ఆట వైపు నుంచి పడింది. కొట్టువాడికి అన్నం పెట్టేది అదే కాబట్టి అసలు దెబ్బ ఇదే. స్టీమ్ 2003లోనే కంప్యూటర్ ఆటల్ని నెట్ ద్వారా అమ్మడానికి దారి వేసింది. తరవాత ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ కూడా సొంత ఆన్‌లైన్ అంగళ్ళు పెట్టుకున్నాయి. దిగుమతి చేసుకున్న ఆటను తిరిగి అమ్మడానికి ఉండదు. 2013లో మైక్రోసాఫ్ట్ తన కొత్త ఎక్స్‌బాక్స్‌లో డిస్కులకు కూడా ఇలాంటి ఆంక్షలే పెడతానంది. వెంటనే సోనీవాళ్ళు కొద్ది సెకన్ల వీడియో ఒకటి వదిలారు. స్నేహితుడికి ఆట ఇవ్వడం ఎలా? ఒకడు డిస్కు డబ్బా చెయ్యి చాచి ఇస్తాడు, ఇంకొకడు పుచ్చుకుంటాడు. అయిపోయింది! ప్రపంచమంతా పడీపడీ నవ్వింది, మైక్రోసాఫ్ట్ వారాల్లోనే వెనక్కి తగ్గింది. కానీ అదే సోనీ 2020లో డిస్కు పెట్టే సందు లేని ప్లేస్టేషన్ 5 కూడా అమ్మింది. 2024లో వచ్చిన ఖరీదైన ప్రో మోడల్‌కైతే ఆ సందు విడిగా కొనుక్కోవాల్సిందే.

చిన్నవాళ్ళను మింగిన పెద్దవాళ్ళూ బాగుపడలేదు. గేమ్‌స్టేషన్ అనే కంపెనీ 1993లో యార్క్‌లో చిన్న కొట్టుగా మొదలై దేశమంతా పాకింది. 2007లో గేమ్ గ్రూప్ దాన్ని 74 మిలియన్ పౌండ్లకు కొంది. ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు షాపులు, రెండింటికీ యజమాని ఒకడే! ఈ దేశంలో కొట్ల అద్దె మూడు నెలలకోసారి కట్టాలి. మార్చి 25 అలాంటి తేదీల్లో ఒకటి. 2012లో సరిగ్గా ఆ మర్నాడే గేమ్ గ్రూప్ చేతులెత్తేసింది. 277 షాపులు ఆ రోజే మూసేశారు, రెండు వేల పైచిలుకు ఉద్యోగాలు పోయాయి. అంతకు ముందే 2009 జనవరిలో వూల్‌వర్త్స్ పోయింది. 2013లో బ్లాక్‌బస్టర్ పోయింది. న్యూకాసిల్‌లో పుట్టిన గ్రెయింజర్ గేమ్స్ 2018లో పోయింది. గేమ్‌ను 2019లో స్పోర్ట్స్ డైరెక్ట్ వాళ్ళు కొన్నారు. 2024లో అక్కడ పాత ఆటల మారకం పూర్తిగా ఆపేశారు. మా సందులోని కొట్టు వీళ్ళలో చాలామంది కంటే ముందే, 2010లో మూతపడింది. చివరి వారంలో గోడ మీది ఖాళీ డబ్బాలు పిల్లలకు ఊరికే ఇచ్చేశాడు.

ఇది చదువుతుంటే నా వయసువాళ్ళకు ఇంకో కొట్టు గుర్తొచ్చి ఉండాలి. బెజవాడలోనో, ఏలూరులోనో, వరంగల్లులోనో వీధి చివర ఉండే అద్దె పుస్తకాల షాపు. డిపాజిట్ కట్టి, రోజుకింతని ఇచ్చి యండమూరి నవలలు, యద్దనపూడి నవలలు తెచ్చుకునేవాళ్ళం. ఒక్క పుస్తకాన్ని ఇంట్లో నలుగురు, పక్కింట్లో ఇద్దరు చదివేసి పంపేవారు. అట్ట ఊడిపోయిన నవలకు షాపువాడు దబ్బనంతో కుట్లు వేసేవాడు. టీవీ సీరియళ్ళు వచ్చాక అవి ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. రెండింటి వ్యాపారమూ ఒకటే. ఒకసారి అచ్చయిన వస్తువు పదిమంది చేతులు మారితేనే ఆ కొట్టు బతుకుతుంది. పూర్తి ధర పెట్టలేని పదకొండోవాడికి దారి దొరికేదీ అక్కడే.

అన్నట్టు, ఆ డెర్బీ కొట్లో ఒక తెలుగు గుర్తు కూడా ఉండేది. 2009లో హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ అనే సంస్థ 'హనుమాన్: బాయ్ వారియర్' అని ప్లేస్టేషన్ 2 ఆట తయారుచేసింది. పూర్తిగా మన దేశంలో తయారై ఆ యంత్రం మీదికెక్కిన మొదటి ఆట అదే. ఆట గొప్పగా ఉందని ఎవరూ అనలేదు, మా వాడైతే అరగంటలో పక్కన పెట్టాడు. ఆ ఏడాది సెలవులకు వెళ్ళినప్పుడు ఒక కాపీ తెచ్చి ఆ పెద్దమనిషికిచ్చాను. ఆయన డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది అమ్మకానికి కాదు" అని కౌంటర్ వెనక అరలో నిలబెట్టాడు. కొట్టు మూసేదాకా గద పట్టుకున్న హనుమంతుడు అక్కడే ఉన్నాడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. 2008లో విజయవాడ వెళ్ళినప్పుడు మా వాడు పన్నెండు ఆటలు సంచిలో వేసుకెళ్ళి మా మేనల్లుడికి ఇచ్చేశాడు. అన్నీ ఆ కొట్లో మారకం చేసినవే. నలుగురైదుగురు డెర్బీ పిల్లలు ఆడేసిన ఆటలు పటమటలో మరో పదేళ్ళు ఆడాయి. మేనల్లుడికి ఇప్పుడు ఆరేళ్ళ కొడుకు. కిందటి ఏడాది వాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు మా అబ్బాయి తన కంప్యూటర్‌లో రెండు వందలకు పైగా ఆటల జాబితా చూపించాడు. ఆ పిల్లాడు కళ్ళు పెద్దవి చేసుకుని, "మామయ్యా, నువ్వు ఆడేసినవి నాకిస్తావా?" అన్నాడు. ఇవ్వడానికేముంది? ఖాతా ఇంకొకరికి బదిలీ చేయకూడదని షరతుల్లో రాసి ఉంది. కొన్నామని మనం అనుకుంటాం గాని, కంపెనీ దృష్టిలో అది ఆడుకోవడానికిచ్చిన అనుమతి. 2014లో వచ్చిన 'ది క్రూ' అనే కార్ల ఆట సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేస్తే, డిస్కు కొని అరలో పెట్టుకున్నవాళ్ళ ఆట కూడా ఆగిపోయింది.

చివరికి మా వాడు అటక మీది అట్టపెట్టె దింపాడు. అందులో మిగిలిన పాత డిస్కులు పద్ధెనిమిది తేలాయి. పిల్లాడికి పనికొచ్చేవి ఏడు ఏరి, వెలుతురుకెత్తి గీతలు చూసి ఇచ్చాడు. 'ఇది బాగా ఆడుతుంది, ఇది మధ్యలో ఆగుతుంది' అని ఒక్కొక్కదానికీ చెప్పి మరీ ఇచ్చాడు.

డెర్బీ చూడ్డానికి వచ్చేవాళ్ళు ఒక శనివారం పెట్టుకోండి. రైలు స్టేషన్ నుంచి నడిచి లారా క్రాఫ్ట్ వే పలక, అక్కణ్ణుంచి శాడ్లర్ గేట్, తరవాత నది ఒడ్డున 2021లో తెరిచిన మ్యూజియం ఆఫ్ మేకింగ్ చూడొచ్చు. 1721 నాటి పట్టు మిల్లు ఉన్న చోటే అది. ఆటల పిచ్చి ఉన్న పిల్లలుంటే షెఫీల్డ్ రైలెక్కండి, గంట లోపే ప్రయాణం. అక్కడ కాసిల్ హౌస్ అనే పాత కోఆపరేటివ్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో 2018లో నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం తెరిచారు. బయల్దేరే ముందు వేళలు కనుక్కోండి. అద్దాల వెనక పెట్టి చూపించడం కాదు, పాత యంత్రాల మీద కూర్చుని ఆడనిస్తారు. సామాను కొనాలంటే సెక్స్ అని పలికితే జనం తిరిగి చూస్తారు గాని, సీ-ఈ-ఎక్స్ అని మూడక్షరాల షాపులు పాత ఆటల్ని ఇప్పటికీ కొంటాయి, అమ్ముతాయి. ధర కంప్యూటర్ చెబుతుంది, బేరం ఉండదు. బేరం కావాలంటే ఊరూరా ఉన్న మార్కెట్ హాళ్ళలో, సందుల్లో పాత ఆటలకే అంకితమైన చిన్న కొట్లు అక్కడక్కడా ఉన్నాయి. పదేళ్ళ పిల్లల కంటే నలభై ఏళ్ళ పిల్లలే అక్కడ ఎక్కువగా కనిపిస్తారు. ధరలు కూడా వాళ్ళ జీతాలకు తగ్గట్టే ఉంటాయి. మీ అటక మీద కూడా ఒక అట్టపెట్టె ఉంటే, వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి.